మూతల బట్ట

“పులుసు వండినావిడ పేరు పులుసు మీద రాస్తామా, ఇయావో?” అంది మా అత్తయ్య.

ఆ సమయంలో నేను మోకాళ్ల మధ్య పెద్ద బేసిన్ పెట్టుకుని నానిన అలసందల పొట్టు తీస్తున్నాను. రెండు అరచేతుల మధ్య గింజల్ని రుద్ది, నీళ్లు పోసి, పైకి తేలిన పొట్టు వంచేసి, మళ్లీ రుద్దాలి. ఈ పని నాకు ఇష్టమే. పొట్టు నీళ్ల మీద చిన్న చిన్న పడవల్లా తేలుతుంటే చూస్తూ కూర్చోవడం బాగుంటుంది. అలా చూస్తూనే, ఉప్పు ఎంత వేయమంటారు అని అడిగినంత తేలిగ్గా అడిగాను: “అత్తయ్యా, తాతగారి బొమ్మ పీఠం మీద నా పేరు ముందువైపు రాయనా, వెనకవైపు రాయనా?” నా మనసులో ప్రశ్న ముందా వెనకా అన్నదే. రాయాలా వద్దా అన్నది నాకు తట్టనే లేదు. కాలేజీలో చదివినన్నాళ్లూ చేసిన ప్రతి బొమ్మ అడుగునా పేరు గీకేదాన్ని, అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నంత మామూలుగా.

అత్తయ్య మాటకి పెరట్లో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నా పక్కన కూర్చుని మిరపకాయలు తుంచుతున్న తోడికోడలు అందరికంటే గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు, ఈ ఇంట్లో ఎవరు నవ్వినా నాకు నవ్వొచ్చేస్తుంది.

“ఇంటి కోడలు ఇంటి పెద్దకి చేస్తున్న బొమ్మ. ఎవరు చేశారో అందరికీ తెలుసుగా,” అంది అత్తయ్య మెత్తగానే. “పీఠం మీద తాతగారి పేరుంటుంది. పక్కన ఇంకో పేరు పెడితే ఆయనకి ఇరుకు.”

మళ్లీ నవ్వులు. బేసిన్‌లో పొట్టు మునిగిపోయింది. నేను నీళ్లు వంచడం మరిచిపోయానని అప్పుడు చూసుకున్నాను.

మా ఆయన తాతగారు మా ఊరు అబెయోకుతాలో పేరున్న చీఫ్. ఆయన పోయి ఇరవై ఏళ్లవుతోందని ఇంట్లో పెద్ద విందు తలపెట్టారు. లాగోస్ నుంచి, ఇబాదాన్ నుంచి బంధువులు వస్తారు, అందరూ ఒకే రంగు బట్ట కుట్టించుకున్నారు, బ్యాండు మేళం మాట్లాడారు. ఆ విందులో ముసుగు తీసి, ఆ తర్వాత ఎప్పటికీ ముందుగదిలో ఉండబోయే మట్టిబొమ్మ నేను చేస్తున్నది. పెళ్లయ్యాక మట్టి ముట్టుకోవడం అదే మొదలు. చేతులు ఏదీ మరిచిపోలేదని తెలిసిన మధ్యాహ్నం, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని పెరట్లో ఒక గంతు కూడా వేశాను. ఆ బొమ్మ మీద వేలెడంత చోటు నా పేరుకి కావాలనుకున్నాను. అంతకంటే ఏమీ అడగలేదు.

ఇయావో అంటే పెళ్లాం. ఒక్క మా ఆయనకే కాదు, ఇంటిల్లిపాదికీ పెళ్లాన్నే. నేను ఈ గడపలో కాలు పెట్టేనాటికి ఈ ఇంట్లో పుట్టి ఉన్న ప్రతి ఒక్కరూ నాకు మొగుడి లెక్క. నా చిన్న ఆడపడుచు కూడా మొగుడే. కాలేజీకి వెళ్లబోతూ వంటింటి గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. “ఏమోయ్ పెళ్లామా, నీ మొగుడు పస్తుతో పోవాలా ఏంటి?” అంటుంది. నేను వేడివేడి అలసంద వడలు కాగితంలో చుట్టి, “ఇంద మొగుడుగారూ, సాయంత్రం తొందరగా కొంపకి రండి,” అంటాను. ఇద్దరం పడీపడీ నవ్వుకుంటాం. మొగుళ్ల పేర్లు పలకకూడదు గనక ఎవరికి వాళ్లకి నేనే ఒక ముద్దుపేరు పెట్టుకోవాలి. అది కొత్తకోడలి హక్కు. ఆడపడుచు తెల్లపళ్లు. కచేరీలో పనిచేసే మరిది గుమాస్తాగారు. నా తోడికోడలి చిన్నకొడుకు, ఇంకా దోగాడుతున్నవాడు, గవర్నరుగారు. వాడు వంటింట్లోకి దోగాడుకుంటూ వస్తే నేను గరిటె పట్టుకుని లేచి నిలబడతాను. ఇన్ని పేర్లు పెట్టడంలో ఎంత సరదా ఉందో చెప్పలేను. చిన్నప్పుడు బొమ్మలకి పేర్లు పెట్టుకున్నట్టే ఉండేది.

మా ఆయన పేరు లాన్రే. ఆ పేరు మా గది తలుపు మూశాకే నా నోట్లోంచి వస్తుంది. బయట ఆయన ‘మీరు’, లోపల ‘నువ్వు’. గడప దాటినప్పుడల్లా మాట మారడం నాకు ఇప్పటికీ గిలిగింతగా ఉంటుంది. లాన్రే బళ్లో లెక్కలు చెబుతాడు. ఆదివారాలు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నా మట్టి తొక్కి పెడతాడు. తొక్కుతూ ఎక్కాలు పాడతాడు. సాయంత్రం వస్తూ వస్తూ కాల్చిన అరటికాయ, వేరుశనగలు పొట్లం కట్టించుకొచ్చి, అత్తయ్య చూడకుండా నా ఒళ్లో పడేస్తాడు. “నా ఇయావో,” అంటాడు. మొదటి వారం ఆ పిలుపుకి చెవుల దగ్గర వెచ్చగా అయ్యేది. కాలేజీ మెట్ల మీద నిలబడి “మొరేనికే, మొరేనికే” అని అరిచిన నోరే అది. ఇప్పుడు నా పేరు దానికి ఎందుకు అవసరం లేకపోయిందో అని ఒక రాత్రి అనుకుని, వెంటనే పక్కకి తిరిగి అతని భుజం మీద తల పెట్టుకుని మరిచిపోయాను. సుఖంగా ఉన్నప్పుడు మరిచిపోవడం చాలా సులువు.

మా అమ్మమ్మ మాత్రం నన్ను మొరేనికే అని కూడా పిలిచేది కాదు. అషాకె అనేది. పుట్టిన పిల్లకి పెద్దవాళ్లు గారాబానికి పెట్టే పేరు, ఏరి తెచ్చి ముద్దు చేసిన పిల్ల అని. ఇతోకు బజారు వెనక అమ్మమ్మ పెరడంతా నీలిమందు బానలే. నీలి బట్టల అద్దకం ఆవిడ పని. మోచేతుల దాకా ఆవిడ చేతులు నీలం. నాకు ఊహ తెలిసేవరకూ అమ్మమ్మలందరి చేతులూ నీలంగానే ఉంటాయనుకునేదాన్ని. కర్రపెండలం పిండిని పటిక వేసి గంజిలా ఉడికించేది. కోడి ఈక కొనతో ఆ గంజిని ముంచి తెల్ల బట్ట మీద బొమ్మలు గీసేది. ఎండాక బట్టని బానలో ముంచితే గంజి ఉన్నచోట నీలం అంటదు. కడిగాక బొమ్మలు తెల్లగా బయటికొచ్చేవి. ఒకసారి నేను ఆ గంజిని తాగే గంజి అనుకుని చెంచాతో తిన్నాను. పటికకి నోరు బిగుసుకుపోయి మూతి సున్నాలా అయింది. అమ్మమ్మ నన్ను చంకనెత్తుకుని వీధంతా తిప్పి చూపించింది: “చూడండర్రా, మా అషాకె లోపల ఇక రంగు అంటదు.” ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నోట్లో ఆ వగరు వస్తుంది. దాని వెనకే నీలిమందు పులిసిన వాసన, తడిబట్టల చప్పుడు, తీగల మీద ఆరేసిన బట్టల మధ్య నేను దాక్కుంటే నా కాళ్లు చూసి కూడా నన్ను వెతుకుతున్నట్టు నటించే ఆవిడ గొంతు, అన్నీ వస్తాయి.

“గీస్తుంటే చెయ్యి ఆపకే,” అనేది. “చెయ్యి ఆగితే గీతకి తెలిసిపోతుంది.”

బట్ట మీద వేసే ప్రతి నమూనాకీ ఒక పేరుండేది. ‘ఇబాదాన్ బాగుంది’, ‘పెద్ద చందమామ’, ‘మొలపూసలు’. బేరానికి వచ్చినవాళ్లు ఆ పేర్లతోనే అడిగేవాళ్లు. గీసినావిడ పేరు ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. అమ్మమ్మ పోయాక, కాలేజీలో మట్టి చేతికొచ్చాక, నేను చేసిన ఆడబొమ్మలకి ఆ బట్టలే కట్టాను. సగం ఆరిన మట్టి మీద గంజితో, కోడి ఈకతో గీసి, పైన నల్లటి పూతమట్టి పూయడం నేను కనిపెట్టుకున్న పద్ధతి. కాల్చినప్పుడు గంజి మండిపోయి, దాని మీదున్న పూతా ఊడిపోయి, కింద లేతమట్టి గీతలుగా బయటపడుతుంది. అమ్మమ్మ బానలో నీళ్లు చేసిన పని నా దగ్గర నిప్పు చేస్తుంది.

తాతగారి బొమ్మ మోకాలెత్తు. కుర్చీలో కూర్చున్న మనిషి, తల మీద టోపీ, భుజం మీంచి పాదాల దాకా బట్ట. మా కుమ్మరి ఆడవాళ్లు కుండని తిప్పరు. కుండ కదలదు, వాళ్లే వంగి దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తూ కడతారు. నేనూ అలాగే తిరుగుతాను. తిరుగుతుంటే బుర్ర ఖాళీ అయి, కాళ్లే ఆలోచిస్తాయి. ఆ తిరుగుడులో ఉన్నప్పుడే పిలుపులు వచ్చేవి. “ఇయావో, పులుసు అడుగంటుతోంది చూడు.” “ఇయావో, వచ్చినవాళ్లకి నీళ్లివ్వు.” “ఇయావో, నువ్వు ఆ మట్టిచేతులతోనే మోకాళ్ల మీద వంగి దణ్ణం పెడితే పెద్దాయన కొత్తబట్టకి మరక.” వెళ్లి, చేతులు కడుక్కుని, నీళ్లిచ్చి, మోకరించి, మళ్లీ వచ్చేసరికి ఎక్కడ ఆపానో మట్టికి గుర్తుండేది, నాకుండేది కాదు. చెయ్యి ఆగిన చోట చిన్న మెట్టు. దాన్ని తడిచేసి, నిమిరి, మళ్లీ మొదటి నుంచీ తిరిగేదాన్ని.

రాత్రి లాన్రేతో పేరు సంగతి చెప్పాను. అతను నవ్వలేదు. అది నాకు బాగుంది. కానీ నా జుట్టు సవరిస్తూ, “మా బళ్లో అందరికీ చెప్పాను, మా ఇయావోనే చేస్తోందని. అందరూ ఎంత మెచ్చుకున్నారో,” అన్నాడు. అతని కళ్లలో ఎంత గర్వం ఉందంటే, మీ ఇయావో ఎవరు అని అడగలేకపోయాను.

బట్ట దగ్గర బొమ్మ ఆగింది. తాతగారి ఫొటో ఒక్కటే ఉంది, పాతది. రాజుగారి నగరుకి వెళ్లిన రోజు తీసినది. ఆ రోజు ఆయన కప్పుకున్న నీలి బట్ట గురించి ఊరంతా చెప్పుకున్నారట. అప్పటి నుంచీ ఆ నమూనాని బజారులో ‘చీఫ్ గారి టోపీలు’ అంటారు. ఇప్పటికీ అమ్ముతారు. ఫొటోలో మాత్రం వెలిసిపోయి, అరచందమామల్లాంటి మచ్చలు కనిపిస్తాయి, అంతే. “టోపీలే కదా, వేసెయ్యి,” అంది అత్తయ్య. “ఎవరు దగ్గరికెళ్లి లెక్కపెడతారు?” కానీ టోపీ ఎటు తిరిగి ఉందో తెలియకుండా ఈక పట్టుకుంటే అమ్మమ్మ ఎక్కడున్నా మూతి ముడుస్తుంది.

ఫొటో పట్టుకుని పెద్దతల్లి దగ్గరికి వెళ్లాను. పెద్దతల్లి తాతగారి భార్య, మా ఆయనకి నాన్నమ్మ. చూపు బాగా తగ్గింది. రోజంతా నడవాలో చాప మీద కూర్చుని పుచ్చగింజలు ఒలుస్తుంటుంది. చూడకుండానే ఒలుస్తుంది. ఇంట్లో ఆవిడతో మాట్లాడటమంటే ‘భోంచేశారా’, ‘పడుకుంటారా’ అనేవే. నేను మోకరించి పలకరించి పక్కన కూర్చున్నాను.

“పెద్దతల్లీ, తాతగారి బట్ట మీద టోపీలు కుడికి తిరిగి ఉంటాయా, ఎడమకా?”

“ఏ టోపీలు?”

“చీఫ్ గారి టోపీలు. నగరుకి వెళ్లినప్పుడు కప్పుకున్న బట్ట.”

ఆవిడ చేతిలో గింజ టప్పున విరిగింది. విరిగిన గింజని నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. “ఈక ఉందా నీ దగ్గర?” అంది.

పరిగెత్తి ఈక, గంజిగిన్నె, తడిమట్టి పలక తెచ్చాను. పలక అంచులు తడిమి చూసుకుంది. ఈక కొనని పెదాల మధ్య పెట్టి మెత్తబరచింది, అచ్చం మా అమ్మమ్మలాగే. తర్వాత ఒక్క ఊపున గీసింది. అరచక్రం, దాని నెత్తిన చిన్న బొడిపె. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. కళ్లు గోడ వైపు ఉన్నాయి, చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు.

“టోపీకి నెత్తిన ఇంత పిడి ఉంటుందటే?” అంది. “ఊళ్లో అందరికీ కళ్లున్నాయి. ఒక్కళ్లూ చూడలేదు. మూతలమ్మా ఇవి. కుండ మూతలు.”

“ఇది మీరు గీసిందా?”

“మరి ఆయన గీసుకున్నాడా?”

నేను పలక వంక చూశాను. వరసగా మూతలు, మూతలు. “మరి కుండలేవి పెద్దతల్లీ?”

ఆవిడ చాలాసేపు నవ్వింది. “అబ్బ. అడగడానికి ఒకత్తి పుట్టింది. అదే ఎవరూ అడగలేదు.”

తర్వాత చెప్పింది. పుచ్చగింజలు ఒలుస్తూనే, వేరెవరి సంగతో అన్నట్టు చెప్పింది. తాతగారు రెండో ఆవిడని తెచ్చుకున్న వారం అది. ఇంట్లో చుట్టాలు, వంటలు. అడగడానికి నోటిదాకా వచ్చిన మాటని లోపలికి నెట్టి పులుసు మీద మూత పెట్టేదట. ఇంకో మాట వచ్చేది, గంజి మీద మూత పెట్టేది. “ఆ వారంలో నేను పెట్టినన్ని మూతలు ఈ ఊళ్లో ఏ ఆడదీ పెట్టి ఉండదు. రాత్రి ఈక పట్టుకుంటే చేతికి వేరే ఏదీ రాలేదు. ఆయన ఆ బట్ట కప్పుకుని నగరుకెళ్లాడు. ఎంత బాగున్నాయి చీఫ్ గారూ మీ టోపీలు అన్నారట. ఇంటికొచ్చి, ‘నా బట్టని మెచ్చుకున్నారే’ అన్నాడు నాతో. నా బట్ట అన్నాడు.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? నవ్వాను. నవ్వి, అన్నం మీద మూత పెట్టాను.”

నాకు పెరట్లో నా నవ్వు గుర్తొచ్చింది. తోడికోడలి పక్కన కూర్చుని, అలసందల బేసిన్ ముందు, అందరితో కలిసి నవ్విన నవ్వు.

“పెద్దతల్లీ, మీ పేరేంటి?”

ఆవిడ చేతులు ఆగాయి. “నా పేరుతో నీకేం పని? నువ్వు పలకలేవుగా.”

“పలకను. రాస్తాను.”

“పిచ్చిపిల్లా,” అంది. “నా పేరు పలకగలిగినవాళ్లు ఎవరున్నారే? మా అమ్మ పిలిచేది. మా అన్న పిలిచేవాడు. మీ తాతగారు పిల్లలు పుట్టేదాకా పిలిచి, ఆ తర్వాత పెద్దోడి అమ్మా అన్నాడు. నాకంటే పెద్దవాళ్లంతా నేల కిందున్నారు. చిన్నవాళ్లు పలకకూడదు. రాసి ఏం లాభం? ఎవరి నోటితో పిలుస్తావు నన్ను?”

నా అరచేతిలో పలక అంచు నుంచి ఊడిన మట్టిముద్ద ఉంది. దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టాను. “మట్టికి వరసలేమిటి పెద్దతల్లీ? ఇది మీకంటే పెద్దది. తాతగారికంటే, వాళ్ల తాతకంటే పెద్దది. ఇది ఎవర్నైనా పేరు పెట్టి పిలవొచ్చు.”

ఆవిడ ఆ ముద్దని పిసుకుతూ ఉండిపోయింది. తర్వాత నా చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుని, అందులో తన పేరు చెప్పింది. చెప్పాక, ఎవరైనా విన్నారేమో అన్నట్టు నడవా అటూ ఇటూ తల తిప్పింది. ఆ పేరు ఇక్కడ నా మాటగా చెప్పను. నేను ఈ ఇంటి కోడల్ని.

తాతగారి బట్టని పెద్దతల్లే గీసింది. ఆవిడ బొమ్మ చుట్టూ తిరగలేదు గనక నేనే బొమ్మని ఆవిడ ముందు కొంచెం కొంచెంగా తిప్పాను. భుజం మీంచి మోకాళ్ల దాకా మూతలు, మూతలు. ఒక్కచోట కూడా మెట్టు లేదు. అంచు మాత్రం నాకొదిలేసింది. పాదాల దగ్గర బట్ట నేలని తాకే చోట, చుట్టూ అంచు పొడుగునా, నేను గంజితో రాశాను. రెండు పేర్లు. రాస్తున్నప్పుడు “ఇయావో” అని పిలుపొచ్చింది. పెళ్లయ్యాక మొదటిసారి వెంటనే లేవలేదు. రాత పూర్తయ్యాకే లేచాను. తర్వాత మొత్తం నల్లపూత పూసేశాను.

మర్నాడు అత్తయ్య చూడటానికొచ్చింది. “ముఖం అచ్చు మావయ్యగారే,” అని తన తలగుడ్డ సర్దుకుంది. కళ్లు చెమర్చాయి. ఆవిడంటే నాకు ఇష్టం. చెప్పడం మరిచిపోయాను గానీ, పెళ్లయిన కొత్తలో నాకు జ్వరమొస్తే రాత్రంతా నా పాదాలు తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీధి మొత్తం ఆవిడని లాన్రే అమ్మ అంటుంది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదని అప్పుడు, ఆ కన్నీళ్లు చూస్తుంటే తెలిసింది.

“బట్టంతా నల్లగా ఉందేం? గీతలేవి?” అంది.

“నిప్పు తీస్తుంది అత్తయ్యా.”

“పీఠం మీద?”

“తాతగారి పేరొక్కటే ఉంది.”

“బంగారుతల్లి,” అని నా చెంప తట్టింది.

ఊరి చివర కుమ్మరి ఆడవాళ్ల దగ్గర కాల్పించాం. గడ్డి, తాటిమట్టలు కప్పి, పొద్దున్నే నిప్పుపెట్టి, సాయంత్రానికి బూడిద తోశారు. లాన్రే బళ్లోంచి నేరుగా వచ్చాడు, చేతికి ఇంకా సుద్దపొడి. బొమ్మని దుమ్ము దులిపి వెలుతురులో పెట్టగానే మూతలన్నీ ఒక్కసారి తెల్లగా లేచి వచ్చాయి. నేను చప్పట్లు కొట్టాను, కుమ్మరి ఆడవాళ్లూ కొట్టారు. లాన్రే వంగి అంచు దగ్గర రాత చదివాడు. అక్షరాలతో పాటు బొమ్మ చుట్టూ వంగి నడిచాడు, వెనక్కి, నాలాగే. మొదటి పేరు దగ్గర పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

“ఇదెవరు?”

“మీ నాన్నమ్మ.”

“నాన్నమ్మకి పేరుందా?” అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే వినిపించినట్టు, బూడిద పక్కన అలాగే కూర్చుండిపోయాడు.

కొంతసేపటికి, “అమ్మ చూస్తే?” అన్నాడు.

“చూస్తుంది.”

“చూసి?”

“మూత పెట్టమంటారా?” అన్నాను. మూతల కథ అతనికి తెలియదు. దారిలో చెప్పాను. టాక్సీలో బొమ్మని బట్టలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ వేసి పట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా నా వైపు చూశాడు. ఇల్లు చేరేదాకా ఒక్క ఎక్కం కూడా పాడలేదు. దిగేముందు మాత్రం, “ముసుగు తీసేవాళ్లే తీస్తారు, ఆ రాతని నేను ముట్టుకోను,” అన్నాడు. అతనికి అంత ధైర్యమే ఉంది. అంతైనా ఉందని ముద్దొచ్చింది.

విందు రోజు నేను బొమ్మ దగ్గర లేను. కోడళ్లు ఎక్కడుంటారు, పెరట్లోనే. ఎర్రన్నం డేగిసా ముందు నేను, మాంసం డేగిసా ముందు మా తోడికోడలు. అందరం ఒకే రంగు బట్ట కట్టుకున్నాం, ఒకే రంగు తలపాగాలు. పొగకి కళ్లు మండుతున్నాయి. ముందు వాకిట్లో వేసిన పందిరిలోంచి మేళం, నవ్వులు, మైకులో మాటలు వినిపిస్తున్నాయి. మైకు పట్టుకున్నాయన లాగోస్ నుంచి పిలిపించిన మనిషి. మా వరసలు ఆయనకేం తెలుసు. కనబడింది చదవడం ఆయన వృత్తి.

ముసుగు తీసినట్టున్నారు, చప్పట్లు వినిపించాయి. “చీఫ్ గారి టోపీలు,” అని ఎవరో గట్టిగా అన్నారు. నా గరిటె ఆగింది.

“ఆగండాగండి, కింద ఏదో రాసుంది,” అన్నాడు మైకాయన. వంగినట్టున్నాడు, గొంతు దూరమైంది. “పెద్దలారా, చదువుతున్నాను. ఈ మూతల బట్ట గీసిన చెయ్యి, ఇబిదున్.”

పందిట్లో గుసగుసలు లేచాయి. ఎవరా అని కొందరు, ఎంత మాట అని కొందరు. నేను తలుపు సందులోంచి చూస్తే అత్తయ్య తలపాగా ఒక్కటే కనిపించింది, అది కదలడం లేదు.

“ఇబిదున్,” అన్నాడు మైకాయన మళ్లీ, ఎవరూ పలకలేదని.

“ఆఁ,” అంది ఒక గొంతు ముందువరసలోంచి. “ఇక్కడే ఉన్నానమ్మా, వస్తున్నా.”

అది ముసలి గొంతు కాదు. బాన దగ్గర ఆడుకుంటున్న పిల్లని తల్లి పిలిస్తే, ఆ పిల్ల పలికే గొంతు. పెద్దతల్లి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడిందని తర్వాత లాన్రే చెప్పాడు. అప్పుడు నాకు వినిపించింది మాత్రం మేళంలోని మాట్లాడే డప్పు, మనిషి గొంతులా పేర్లు పలికేది. ఆ పేరుని అందుకుని, ఎత్తులూ పల్లాలూ సరిగ్గా పలికించి, మళ్లీ మళ్లీ పిలవడం మొదలుపెట్టింది.

డప్పు ఆగాక మైకాయన రెండో ముక్క చదివాడు. “మట్టి చుట్టూ తిరిగిన కాళ్లు, మొరేనికే.”

మా తోడికోడలు మాంసం కలుపుతూ తలెత్తింది. నెలల తరబడి ఒకే పొయ్యి దగ్గర, ఒకే బేసిన్ ముందు, నా భుజానికి భుజం ఆనించి కూర్చున్న మనిషి.

“మొరేనికే ఎవరే?” అంది నన్ను.

“నేనే,” అన్నాను. గరిటె డేగిసా మీద అడ్డంగా పెట్టి, చేతులు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగాను. “అక్కా, మరి నీ పేరేంటి?”